వసారాలో పెట్టిన బొమ్మలు

ఆ ఇంట్లో ల్యాప్‌టాప్ ఒకటే, దాని మీద హక్కున్నవాళ్ళు మాత్రం ఇద్దరు. ఒకరు మామగారు, ఇంకొకరు కోడలు.

మామగారు పంపులు పోతపోసే ఫౌండ్రీలో డ్రాయింగులు గీసి రిటైరైన మనిషి. అక్కడ ఆయన్ని ఎదురుగా మాస్టారు అనీ, వెనక మిల్లీమీటరు అనీ పిలిచేవారు. గీతలో వెంట్రుకవాసి తేడా వచ్చినా ఆయనకు అన్నం సయించేది కాదు. పాత పంపులో ఏదైనా భాగం విరిగి, దాని డ్రాయింగు ఎక్కడా దొరక్కపోతే, ఫౌండ్రీ మేనేజరు ఇప్పటికీ ఆ ముక్కను సంచిలో వేసి ఈయన ఇంటికే పంపిస్తాడు. ఈయన బల్ల మీద పాత పేపరు పరిచి, ముక్కకు పట్టిన తుప్పూ జిడ్డూ వదిలించి, వెర్నియర్‌తో మూలమూలా కొలిచి, కంప్యూటర్లో బొమ్మ గీసి ఇస్తాడు. ఆ బొమ్మను బట్టి అక్కడ అచ్చు చేసి కొత్త ముక్క పోస్తారు. రిటైరయ్యాక కూడా తన అవసరం పడేవాళ్ళు ఉన్నారన్న ధీమా ఆయన నడకలో కనిపించేది.

కోడలు లెక్కల టీచరు. ఇంట్లోనే కూర్చుని పాఠాలు చెప్పి, వాటిని వీడియోలు తీసి, కత్తిరించి, అతికించి పిల్లలకు పంపుతుంది.

చిక్కెక్కడంటే, ఆమె వీడియోలు కత్తిరించే ప్రోగ్రాం విండోస్‌లో తప్ప నడవదు. ఆయన బొమ్మలు గీసే ప్రోగ్రాం కంప్యూటరును నడిపే ఇంకో వ్యవస్థ అయిన లినక్స్‌లోనే సాఫీగా నడుస్తుంది. అందుకని ఆయన మేనల్లుడు, ఎక్కడో దూరాన కంప్యూటర్ల కంపెనీలో పనిచేసేవాడు, సెలవులకు వచ్చినప్పుడు ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చుని డిస్కును పంచిపెట్టాడు. ఎవరికెంత ఇవ్వాలన్న దాని మీద ఒక పూటంతా చర్చ నడిచింది. కోడలు తన వీడియోలు బరువంది. మామగారు తన బొమ్మలు తేలికేగానీ రేపు పెరగవచ్చన్నాడు. వంటింట్లోంచి అత్తగారు, మా పుట్టింట్లో పొలం పంచుకున్నప్పుడు కూడా ఇంతసేపు కూర్చోలేదని దెప్పింది. చివరికి డిస్కు మూడు ముక్కలయింది. పై వాటా మామగారిది, కింది వాటా కోడలిది, మధ్యలో ఇద్దరికీ తెరుచుకునే ఉమ్మడి ముక్క. దానికి అత్తగారే వసారా అని పేరు పెట్టింది. ఆ పేరే ఖాయమయింది.

ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే నల్లటి తెర మీద రెండు వరసలు కనబడతాయి. ఎవరి వాటాలోకి వెళ్ళాలంటే ఆ వరస నొక్కాలి. ప్రింటరు మాత్రం కింది వాటాలోంచే పలుకుతుంది. పై వాటాలోంచి ఎంత పిలిచినా ఉలకదు. కాబట్టి మామగారు బొమ్మ గీసి వసారాలో పెట్టాలి. తర్వాత కోడలు తన వాటాలోకి వెళ్ళి, వసారాలోంచి దాన్ని తీసి ప్రింటు కొట్టాలి. “వసారాలో పెట్టానమ్మా” అన్న మాట ఆ ఇంట్లో టీ తాగావా అన్నంత మామూలయిపోయింది.

మొదట్లో వసారాలో సేవ్ అవడం లేదని మామగారు రోజూ మేనల్లుడికి ఫోన్ చేస్తే, వాడు అక్కడి నుంచే ఏదో సరిచేశాడు. తర్వాత కొన్నాళ్ళు అంతా సవ్యంగానే ఉంది. కోడలి వాటా ఎప్పుడూ కిక్కిరిసి, ఖాళీ లేదని ఎర్రగీత చూపిస్తూ ఉండేది. ఆమె పాత వీడియోలను వసారాలోకి నెట్టేది, అవసరం లేనివి తుడిచేసేది, మళ్ళీ కొత్తవి చేసేది. ఒకరోజు పంపులో నీళ్ళను తోసే రెక్కల చక్రం, ఇంపెల్లర్ బొమ్మ ప్రింటు తీద్దామని వసారా తెరిస్తే అందులో ఆ బొమ్మ లేదు.

“పెట్టలేదేమో మావయ్యా, ఒకసారి చూడండి” అంది.

పెట్టానన్నాడాయన. తన వాటాలోకి వెళ్ళి చూస్తే అక్కడి నుంచి తెరిచినా వసారాలో లేదు. ఏదో పొరపాటు జరిగి ఉంటుందనుకుని మళ్ళీ కూర్చుని మొదటి నుంచీ గీశాడు. ఆ రెండో బొమ్మ నిక్షేపంగా ఉంది, ప్రింటయింది, ఫౌండ్రీకి చేరింది. కానీ తర్వాత గీసిన షాఫ్టు బొమ్మ పోయింది. దాని తర్వాతది పోలేదు. ఆ తర్వాతది మళ్ళీ పోయింది. ఒక వరసంటూ లేదు.

మామగారికి మొదట కోడలి మీదే అనుమానం వచ్చింది. చోటు కోసం తుడిచేటప్పుడు తన బొమ్మలు కూడా ఊడ్చేస్తోందేమోనని. మొహం మీద అడగలేక, వసారా ఏమైనా ఊడ్చావా తల్లీ అని నవ్వుతూ అడిగాడు. ఆమె నవ్వలేదు. తన వీడియోలు తప్ప ఇంకో ఫైలు మీద వేలు కూడా పెట్టనంది. ఆ రోజంతా ఇద్దరూ అవసరమైతేనే మాట్లాడుకున్నారు.

ఆమె అనుమానం వేరు. అది ఆమె ఎవరితోనూ అనలేదు, ఒక్క మొగుడితో తప్ప. అతను ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసే టెక్నీషియను. ఏ విషయమైనా పరీక్ష చేస్తేగాని తేలదని నమ్మేవాడు. పెట్టనివి పెట్టానంటున్నాడు నాన్న, ఇది మామూలు మతిమరుపు కాదేమో అన్నాడు. తనకు తెలిసిన డాక్టరు దగ్గర వచ్చే వారానికి టైము కూడా తీసుకున్నాడు.

ఇక అప్పటి నుంచి ఆ ఇంట్లో మామగారు ఏం చేసినా సాక్ష్యమే. కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతకడం ఆయనకు పెళ్ళినాటి నుంచీ ఉన్న అలవాటు. అదిప్పుడు రోగలక్షణం అయిపోయింది. స్నానాల గదిలో లైటు ఆర్పడం మరిచిపోతే కొడుకూ కోడలూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. అత్తగారికి ఈ చూపులు నచ్చలేదు. మరుపు అంటే ఏంటో నాకు తెలీదా, ఈ మనిషి నా పుట్టినరోజు ఎప్పుడు గుర్తుపెట్టుకున్నాడు గనక, మరి అప్పుడెవరూ డాక్టరు దగ్గరికి పొమ్మనలేదేం అంది. కానీ ఆవిడ కూడా పొయ్యి కట్టేశాడో లేదో అని ఆయన వెనకే వెళ్ళి చూసి వస్తోంది. అది ఆయన గమనించాడు.

గమనించి, మెల్లగా ఆయన కూడా తనను తాను గమనించుకోవడం మొదలుపెట్టాడు. బొమ్మ సేవ్ చేశాక ఒకసారి, లేచి రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి వచ్చి ఒకసారి చూసుకునేవాడు. ఉంది, కళ్ళతో చూశాను అనుకునేవాడు. మర్నాడది లేకపోతే, చూసింది నిజమా, చూశాననుకున్నానా అని తల పట్టుకునేవాడు. జీవితమంతా గీత ఎక్కడుందో వేలు పెట్టి చూపించిన మనిషికి కాళ్ళ కింద నేల కదులుతున్నట్టుంది.

ఇలా ఉండగా ఫౌండ్రీ మేనేజరు ఫోన్ చేశాడు. బేరింగు మూత డ్రాయింగు ఇంకా రాలేదన్నాడు. గీసి ఎప్పుడో వసారాలో పెట్టానని ఈయన అనబోయి, వసారా సంగతి ఆ మనిషికేం తెలుసని ఆగి, ప్రింటు కావాల్సి ఉందన్నాడు. తీరా చూస్తే అదీ లేదు. మేనేజరు మంచివాడే. అరవలేదు. రేపు మధ్యాహ్నంలోగా అందకపోతే ముక్కను స్కాన్ చేసి బొమ్మ తీసే కంపెనీకి ఇచ్చేస్తామన్నాడు. “ఇకమీదట మీరు కాస్త విశ్రాంతి తీసుకుంటే బాగుంటుందేమో మాస్టారూ” అని ఎంతో మెత్తగా అన్నాడు. ఆ మెత్తదనమే ఈయనకు గుచ్చుకుంది. అరిచి ఉంటే తిరిగి అరిచేవాడు.

ఫోన్ పెట్టేశాక ఆయన కోడలి గది గుమ్మంలో నిలబడ్డాడు. “నా పక్కన కూర్చుంటావా తల్లీ? నేనేం చేస్తున్నానో నీ కళ్ళతో చూడు. నా కళ్ళ మీద నాకు నమ్మకం పోయింది.”

ఆమె అప్పుడే పాఠం ముగించింది. పెద్దవాళ్ళకు ఏ వస్తువైనా శుభ్రంగా అందించాలన్నది ఆమెకు పుట్టింట్లో అబ్బిన అలవాటు. అందుకే నడుస్తున్న ల్యాప్‌టాప్‌ను ఆయన చేతిలో పెట్టదు. తన పని అయ్యాక షట్‌డౌన్ చేసి, మూత వేసి, మీటల మీద దుమ్ము గుడ్డతో తుడిచి, ఛార్జరు తీగ చుట్ట చుట్టి, ఆయన బల్ల మీద పెడుతుంది. క్లాసు హడావుడిలో ఉన్నప్పుడు మాత్రం ఇవేమీ కుదరవు. రీస్టార్ట్ నొక్కి, తెర వెలుగుతుండగానే, ఏమనుకోకండి మావయ్యా అంటూ ఇచ్చేసి పరుగెత్తుతుంది. ఇప్పుడు తీరిక ఉంది కాబట్టి అన్నీ పద్ధతిగా చేసి, బల్ల మీద పెట్టి, పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది.

ఆయన తన వాటాలోకి వెళ్ళి చిన్న వాషరు బొమ్మ ఒకటి గీశాడు. వసారా తెరిచి అందులో పెట్టాడు. ఆమె చూసింది. చూడటమే కాదు, ఎందుకైనా మంచిదని తెరను ఫోన్‌తో ఫొటో తీసింది. ఆయన ల్యాప్‌టాప్ కట్టేశాడు. ఆమె మళ్ళీ ఆన్ చేసి, తన వాటాలోకి వెళ్ళి వసారా తెరిచింది.

వాషరు లేదు.

ఆమె గుడ్లప్పగించి తెర వంక చూసింది. ఫోన్‌లో ఫొటో చూసింది. ఫొటోలో ఉంది, వసారాలో లేదు. మళ్ళీ ఆయన వాటాలోంచి వెళ్ళి చూసింది, అక్కడా లేదు. ఇన్నాళ్ళూ ఆయన చెప్పింది ఇదే కదా.

“ఉందండీ. నేను చూశాను. ఇప్పుడు లేదు” అంది.

కూర కలుపుతున్న గరిటెతోనే అత్తగారు వచ్చి విషయం విని, ఇద్దరినీ ఎగాదిగా చూసింది. “అయితే ఇప్పుడు నీకూ పట్టుకుందన్నమాట. డాక్టరు దగ్గర రెండు సీట్లు చెప్పమను మీ ఆయన్ని.”

మామగారు నవ్వాడు. చాలా రోజుల తర్వాత. తనొక్కడికే కాకుండా ఇంకొకరికి కూడా మతిపోవడం ఆయనకు ఎంతో ఊరటగా ఉంది.

మేనల్లుడికి ఫోన్ కలిపారు. వాడు మొదట డిస్కు పాడైందేమో అన్నాడు, తర్వాత వైరసేమో అన్నాడు, తర్వాత మావయ్యా నువ్వే ఎక్కడో అని నీళ్ళు నమిలాడు. కోడలు ఫొటో పంపింది. వాడు దాన్ని పెద్దది చేసి చూశాడు. ఆ తర్వాత ఒకే ఒక్క ప్రశ్న వేశాడు.

“అక్కా, నీ పని అయ్యాక నువ్వు ల్యాప్‌టాప్‌ను ఎలా ఆపుతావు?”

“షట్‌డౌన్ చేస్తాను. అందరూ ఎలా ఆపుతారు మరి?”

వాడు అవతల తల కొట్టుకున్న చప్పుడు ఇక్కడికి వినిపించింది. వాడు చెప్పిన దాన్ని ఇద్దరూ రెండుసార్లు చెప్పించుకుంటే గాని ఎక్కలేదు. విండోస్‌కు షట్‌డౌన్ కొడితే పూర్తిగా ఆగదట. మర్నాడు త్వరగా లేవడానికని సగం నిద్రలో పడుకుంటుందట. పడుకునే ముందు వసారాలో ఏమేం సామాన్లున్నాయో మనసులో పెట్టుకుంటుంది. అది నిద్రలో ఉండగా మావయ్య వచ్చి అక్కడ కొత్త సామాను పెడతాడు. ఇది లేచాక వసారా వైపు తిరిగి చూడదు. తనకు గుర్తున్నదే నిజమనుకుని, దాని ప్రకారం అంతా సర్దేస్తుంది. దాంతో మధ్యలో వచ్చినది మాయమైపోతుంది. రీస్టార్ట్ కొడితే మాత్రం నిజంగా పూర్తిగా ఆగి లేస్తుంది కాబట్టి గొడవ లేదు.

“మరి ఇది నిద్రలో ఉన్నప్పుడు నన్ను పెట్టనివ్వడమెందుకురా?” అని మామగారు అడిగాడు. అది సరైన ప్రశ్నే.

మేనల్లుడు గొంతు తగ్గించాడు. “నీ వాటా ఒప్పుకోదు మావయ్యా. అవతలి మనిషి లేవలేదు, ఇప్పుడు రాయకూడదని ఆపేస్తుంది. అప్పట్లో సేవ్ అవడం లేదని నువ్వు రోజూ ఫోన్ చేసి గోల పెడుతుంటే, బలవంతంగానైనా తలుపు తీసేలా నేనే ఒక ఆర్డరు రాసిపెట్టాను.”

కోడలు లెక్క వేసుకుంటోంది. తను హడావుడిగా, తెర వెలుగుతుండగానే పడేసి వెళ్ళిన రోజుల్లో ఆయన గీసినవి నిలిచాయి. తుడిచి, చుట్ట చుట్టి, మర్యాదగా బల్ల మీద పెట్టిన రోజుల్లో గీసినవి పోయాయి. తన మర్యాదే ఆయన పనిని తినేసింది. నవ్వాలో ఏడవాలో తెలియక ముక్కు చీదుకుంది.

మేనల్లుడు చెప్పినట్టు ఆ సగం నిద్రను సెట్టింగుల్లో తీసేశారు, బలవంతపు ఆర్డరును కూడా తీయించారు. వాషరు మళ్ళీ గీసి పెట్టి, షట్‌డౌన్ చేసి, ఆన్ చేసి చూశారు. ఉంది. ఈసారి అత్తగారు కూడా వచ్చి కళ్ళజోడు పెట్టుకుని మరీ చూసి, ఈ మాత్రం ఉంగరం బొమ్మకేనా ఇన్నాళ్ళు ఇల్లంతా మొహాలు మాడ్చుకుంది అని వెళ్ళిపోయింది.

సాయంత్రం కొడుకు డ్యూటీ నుంచి వచ్చాడు. పెళ్ళాం చెప్పిందంతా విని, తండ్రి ఎదురుగా నిలబడి చెవి గోక్కున్నాడు. డాక్టరు అపాయింట్‌మెంటు తీసేయిస్తానని జేబులోంచి ఫోన్ తీశాడు.

“ఉండనీ” అన్నాడు మామగారు.

ఎందుకన్నట్టు చూశాడు కొడుకు. కోడలు మాత్రం చూడలేదు, తల వంచుకుంది. మధ్యాహ్నం ఫోన్‌లో మేనల్లుడు చెబుతుండగానే ఆమె లెక్కలో ఒకటి మిగిలిపోయింది. దాన్ని ఎవరూ పట్టించుకోకపోతే బాగుండుననుకుని ఊరుకుంది.

“బేరింగు మూత” అన్నాడాయన కోడలి వైపు తిరిగి. “అది గీశాననుకున్న రోజు, నువ్వు క్లాసుకు ఆలస్యమైందని వెలుగుతున్నదే తెచ్చి నా ఒళ్ళో పెట్టావు. అడుగున వేడిగా ఉంటే కింద అట్ట పెట్టుకున్నాను. అది రీస్టార్ట్ రోజే కదా తల్లీ?”

ఆమె అవునంది. అబద్ధం చెప్పాలనిపించింది గాని, మిల్లీమీటరు మాస్టారికి తప్పు కొలత ఇవ్వడానికి నోరు రాలేదు.

అందరూ కలిసి వెతికారు. వసారా, పై వాటా, చెత్తబుట్ట, వేరే పేరుతో ఉందేమోనని ఆ నాటి ఫైళ్ళన్నీ వెతికారు. ఎక్కడా లేదు. మేనల్లుడికి మళ్ళీ ఫోన్ చేశారు. అన్నిసార్లు బలవంతంగా తెరిచాం కాబట్టి వసారాలో లోపల ఏదైనా చెడి, మంచిరోజు పెట్టినది కూడా పోయి ఉండొచ్చన్నాడు. అసలు పెట్టకపోయి కూడా ఉండొచ్చన్నాడు. ఖాయంగా చెప్పమంటే, “ఏమో మావయ్యా, నాకు తెలీదు” అన్నాడు. వాడు తెలీదనడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.

“గీశాను” అన్నాడు మామగారు. “చిల్లుల్లో ఒకటి వరసలో లేదు, పక్కకు జరిగి ఉంది. మొదట పోసినవాడెవడో తిన్నగా చూసుకోలేదని తిట్టుకున్నాను కూడా. అంత గుర్తుంది. కానీ కొలిచినప్పుడు తిట్టుకున్నానో, గీసేటప్పుడు తిట్టుకున్నానో చెప్పలేను. కొలిచి లేచి భోజనం చేసి, ఇక గీసినట్టే అనుకున్నానేమో.”

కొడుకు ఏదో అనబోయాడు, అలాంటివి అందరికీ జరుగుతాయని కావచ్చు. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

“డాక్టరు దగ్గరికి వెళ్దాం. నువ్వొద్దురా, అడిగిన ప్రతిదానికీ నా బదులు నువ్వే చెప్తావు. అమ్మాయి వస్తుంది.”

తర్వాత ఆయనే మేనేజరుకు ఫోన్ చేశాడు. రేపు మధ్యాహ్నానికల్లా మూత బొమ్మ అందుతుందన్నాడు. ఇంతకుముందు పోయినవి కంప్యూటరు తప్పనీ, ఈ ఒక్కటి ఎవరి తప్పో తేలలేదనీ దాచకుండా చెప్పాడు. ఇకనుంచి తను గీసినది ఇంకో మనిషి సరిచూశాకే పంపుతాననీ, అలా ఇష్టమైతేనే పని పంపమనీ అన్నాడు. మేనేజరు, మా ఫౌండ్రీలో గీసే బొమ్మల్ని ఇంకో మనిషి ఎప్పుడు సరిచూశాడు గనక, మీరే నయం అన్నాడు. అంతకుమించి ఏమీ తేల్చలేదు. రేపు చూద్దామన్నాడు.

తెల్లవారి కాఫీలయ్యాక ఆయన ల్యాప్‌టాప్ తెరిచాడు. కోడలు క్లాసు వాయిదా వేసుకుని పక్కన కూర్చుంది. బేరింగు మూత పేపరు మీద బోర్లా ఉంది. ఆయన దాన్ని ఇంకా చేతిలోకి తీసుకోలేదు, వెర్నియర్ ముట్టుకోలేదు. గీయడం మొదలుపెట్టాడు. గుండ్రం, లోపల ఇంకో గుండ్రం, చుట్టూ చిల్లులు. ఆ జరిగి ఉన్న చిల్లును కూడా ఎక్కడ జరగాలో అక్కడే జరిపి పెట్టాడు. చెయ్యి ఎక్కడా ఆగలేదు.

అప్పుడామె మూతను తిరగేసి, వెర్నియర్ తీసుకుని, తెర మీది అంకెలతో ఒక్కొక్కటే పోల్చి చూసింది. అన్నీ సరిపోయాయి.

“చూశావా” అన్నాడాయన. ఆ గొంతులో గెలుపుందో భయముందో ఆమెకు అంతుపట్టలేదు. “ఒకసారి గీసి ఉంటేనే గదా చెయ్యి ఇలా పోతుంది? లేక కొలిచింది చాలంటావా?”

ఆమె బొమ్మ వంక, ఆయన వేళ్ళ వంక మార్చి మార్చి చూసింది. లెక్కల టీచరుకు కూడా ఆ లెక్క తేలలేదు.

“ముందు సేవ్ చెయ్యండి మావయ్యా” అంది.